ఆవాహనం, ఉద్వాసనం

ఒకనిని కొలువునుండి తొలగించుటను మనం 'ఉద్వాసన చెప్పడం' అంటున్నాము. ఇది పత్రికలవారు పుట్టించిన మాట కాదు, పూజగదిలో పుట్టిన మాట. చవితినాడు మట్టిబొమ్మలోనికి స్వామిని రప్పించుట ఆవాహనం, పూజ ముగిసిన పిమ్మట సగౌరవంగా సాగనంపుట ఉద్వాసనం. స్వామి తప్పు చేశాడని ఎవరూ ఉద్వాసన చెప్పరు గదా! పూజ అయిపోయింది కనుక చెబుతారు. ఈ మాట కొలువులోనికి ఎట్లా ప్రాకిందో గాని, ఫుట్‌బాలు జట్ల యజమానులు తమ శిక్షకులను సాగనంపే తీరు చూచినప్పుడు మాత్రం దాని అసలు అర్థమే సరిగ్గా అతికినట్లుంటుంది. విమానాశ్రయంలో పూలదండ, మెడలో జట్టు రంగుల కండువా, పత్రికల ముందు మూడేండ్ల ఒప్పందం. కొన్ని నెలలకే నిమజ్జనం.

వికారాబాదులో ఉండే నావంటి వయోధికునికి ఫుట్‌బాలుతో పనేమని అడుగుతారేమో. మా మనుమడు సెలవులకు వచ్చినప్పుడల్లా ఇంగ్లండు పోటీలు చూస్తూ, "తాతా, ఇంకొకాయన్ని పీకేసిండ్రు" అని చెబుతుంటాడు. ఆ ఇంకొకాయన ఎవరో తెలుసుకొనేలోగా ఆయన స్థానంలో వచ్చినవాడు కూడా పోతున్నాడు. 2025లో పోస్టెకోగ్లూ అనే ఆస్ట్రేలియా దేశస్థుడు టాటెన్‌హాం జట్టుకు యూరోపా లీగు గెలిచిపెట్టాడు. గెలిచిన పక్షం రోజులకు ఆ జట్టు ఆయనను తీసివేసింది. సెప్టెంబరులో నాటింగ్‌హాం ఫారెస్టు జట్టు పిలిచి పీట వేసి, 39 రోజులకు, ఓడిన ఆట ముగిసిన కొద్ది నిమిషాలలోనే పొమ్మన్నది. ఒకే ఏడాదిలో ఒకే మనిషికి గెలిచినందుకొకసారి, ఓడినందుకొకసారి ఉద్వాసన! అంతకుముందు రానియేరి అనే ఇటలీ పెద్దమనిషి 2016లో లెస్టర్ జట్టును, ఎవరూ కలలోనైనా ఊహించని విధంగా, ఇంగ్లండు విజేతగా నిలిపాడు. పది నెలలు తిరక్కుండానే, 2017 ఫిబ్రవరిలో ఆయనా ఇంటికి పోయాడు.

ఇది విన్నప్పుడు తెలుగు పంతులుకు గుర్తుకు వచ్చేది భారతమే. దుర్యోధనుడు పద్దెనిమిది రోజుల యుద్ధంలో ఎందరు సేనాపతులకు పట్టం కట్టాడో చూడండి. భీష్ముడు పది రోజులు, ద్రోణుడు ఐదు, కర్ణుడు రెండు, శల్యుడు ఒక పూట. చివరకు సైన్యమే లేనినాడు అశ్వత్థామకు అభిషేకం. పాండవులకో, మొదటి రోజునుండి చివరి రోజుదాకా ధృష్టద్యుమ్నుడొక్కడే. కౌరవ సేనాపతులను తొలగించినది యుద్ధమే కాని రాజు కాదని మీరనవచ్చును, నిజమే. కాని ఆ రాజు ప్రతి సాయంత్రం డేరాలోనికి వెళ్ళి, నీవు మనసు పెట్టి పోరాడుట లేదు, అవతలివారి మీద నీకు ప్రేమ ఉన్నది, అని ఎత్తిపొడిచిన తీరు చూస్తే, ఒప్పందపత్రమొకటి చేతిలో ఉండి ఉంటే భీష్ముని మూడవనాడే పంపించి ఉండేవాడని నా అనుమానం. ఇంకొక చిత్రం. యుద్ధపర్వాలన్నీ కూలిపోయిన సేనాపతుల పేర్లతోనే ఉన్నాయి. ధృష్టద్యుమ్న పర్వమనేది లేనే లేదు.

ఇక మన హైదరాబాదు సంగతి. పుణె జట్టు మూతపడగా దాని స్థానంలో 2019లో హైదరాబాదు ఎఫ్‌సీ పుట్టింది. గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడాప్రాంగణం దాని ఇల్లు. తొలి శిక్షకుడు ఇంగ్లండు నుండి వచ్చిన ఫిల్ బ్రౌన్. ఈయన సామాన్యుడు కాడు. 2008లో హల్ అనే చిన్న ఊరి జట్టును పెద్ద లీగులోనికి తెచ్చినవాడు. అదే ఏడాది క్రిస్మస్ మరునాడు మాంచెస్టర్ సిటీ చేతిలో సగం ఆటకే నాలుగు గోల్సు తినగా, తన ఆటగాళ్ళను గదిలోనికి పోనీయక మైదానంలోనే, ప్రేక్షకులందరి ముందు కూర్చుండబెట్టి చీవాట్లు పెట్టాడు. (నేను ముప్పది ఏళ్ళు బడిలో పనిచేశాను. తరగతి ముందు నిలబెట్టి తిట్టిన పిల్లవాడు మరునాడు బాగా చదువుకొని వచ్చాడని ఎన్నడూ చూడలేదు.) 2010లో హల్ ఆయనకు 'తోటపని సెలవు' ఇచ్చింది. అంటే జీతమిస్తాము, పనికి మాత్రం రావద్దని. ఆ దేశంవారి మర్యాద అట్లాంటిది.

హైదరాబాదులో ఆయనకు లభించినది ఒకే ఒక గెలుపు. 2020 జనవరిలో, సీజను ముగియకముందే పంపించివేశారు. అయినా జట్టు చిట్టచివరనే మిగిలింది. తరువాత పిలిచిన స్పెయిను దేశస్థుడు ఆల్బర్ట్ రోకా, తన తొలి సీజను మొదలు కాకముందే బార్సిలోనా పిలుపు అందుకొని వెళ్ళిపోయాడు. యజమానులే కాదు, అవకాశం వస్తే శిక్షకులూ ఉద్వాసన చెప్పగలరు సుమండీ. అప్పుడు, 2020 ఆగస్టు చివర, హడావుడిగా దొరికినవాడు మనోలో మార్కెజ్. మొదటి ఏడాది ఐదవ స్థానం. నాలుగింటికే పైమెట్టు గనుక అక్కడితో సరి. వేరొక యజమాని అయితే అప్పుడే పంపేవాడు. ఇక్కడ ఉంచారు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ జట్టుతో తుదిపోరు 1-1గా ముగియగా, పెనాల్టీలలో గోలీ కట్టిమణి మూడు బంతులు ఆపి కప్పు తెచ్చాడు. ఆ మరుసటి ఏడాది కూడా లీగులో రెండవ స్థానం.

2023లో మార్కెజ్ గోవాకు వెళ్ళాడు. తరువాత కథ చెప్పుకోదగినది కాదు. ఆటగాళ్ళకు జీతాలు బకాయి పడినవి, విదేశీయులు వెళ్ళిపోయారు, పిల్లలతోనే ఆడించవలసి వచ్చింది. 2023-24లో మళ్ళీ అట్టడుగు. ఆ గడ్డుకాలంలో జట్టును మోసిన థాంగ్బోయి సింగ్టోకు, యాజమాన్యం మారిన పిమ్మట 2024 డిసెంబరులో ఉద్వాసన. 2025లో జట్టే ఢిల్లీకి తరలి పేరు మార్చుకొన్నది. శిక్షకులకు చెప్పగా చెప్పగా చివరకు ఊరికే ఉద్వాసన చెప్పారన్నమాట.

యజమానులు ఇట్లా ఎందుకు చేస్తారు? ఇంగ్లండులో కింది లీగుకు జారితే టీవీ సొమ్ము రూపంలో వందల కోట్ల రూపాయలు పోతాయి, ఆ భయమే కారణమని చాలామంది చెబుతారు. అది కొంతవరకే నిజం. బ్రౌన్‌నూ సింగ్టోనూ పంపిన రోజులలో మన లీగులో కిందికి జారటమనేదే లేదు. చివరన నిలిచినా మరుసటి ఏడాది అక్కడే ఆడవచ్చును. అయినా ఉద్వాసన తప్పలేదు.

నాకు తోచిన కారణం లెక్కల పుస్తకంలో ఉన్నది. ఆటగాడు ఆస్తి. కొన్నాడు, అమ్మగలడు, తీసివేస్తే పెట్టిన సొమ్ము గంగపాలు. పైగా ఆటగాళ్ళ కొనుగోళ్ళకు వేసవిలో ఒకసారి, జనవరిలో ఒకసారి మాత్రమే వాకిలి తెరుస్తారు. శిక్షకుడు ఆ ఆస్తుల పట్టికలో ఉండడు. ఏ మంగళవారమైనా పంపవచ్చును. మిగిలిన ఒప్పందానికి పరిహారం ఇస్తే చాలు. పాతికమందిని మార్చలేనివానికి ఒక్కనిని మార్చుట సులువు. అంతకన్న ముఖ్యం, ప్రేక్షకుల కోపం. మైదానంలో వేలమంది అరుస్తున్నప్పుడు ఆ అరుపు ఎవరో ఒకరి మీద పడాలి. శిక్షకుని మీద పడకపోతే యజమాని మీదనే పడుతుంది.

మరి మార్చినప్పుడు కొన్నిసార్లు గెలుస్తారు గదా అంటారా? గెలుస్తారు. క్రికెట్టులో మన డెక్కన్ చార్జర్స్ 2008లో చిట్టచివర నిలిచి, సారథినీ శిక్షకునీ మార్చి, 2009లో కప్పు గెలిచింది. ఇట్లాంటిదొకటి కనబడితే చాలు, పదిమంది యజమానులకు ధైర్యం వస్తుంది.

మా పల్లెలలో వాన రానప్పుడు కప్పతల్లి ఆట ఆడేవారు. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇల్లిల్లూ తిరిగితే ఆడవాళ్ళు బిందెడు నీళ్ళు గుమ్మరించేవారు. నాలుగు రోజులకో వారానికో వాన పడేది. వాన బొత్తిగా మొహం చాటేసినప్పుడే కప్పను కడతారు. ఆ తరువాత ఏ కొంచెం పడినా అది కప్ప పుణ్యమే. నోబెలు పొందిన డానియల్ కానెమన్ ఇదే సంగతిని ఇస్రాయెలు వైమానిక శిక్షకుల విషయంలో గమనించాడు. బాగా నడిపినవానిని మెచ్చుకొంటే మరుసటిసారి తగ్గుతున్నాడు, చెడ్డగా నడిపినవానిని తిడితే మెరుగవుతున్నాడు, కనుక తిట్టే మంచిదని వారి వాదం. నిజానికి మరీ బాగున్నదీ మరీ చెడ్డగా ఉన్నదీ తమంతట తామే సగటు వైపు మరలుతాయి. బాస్ టెర్ వీల్ అనే డచ్చి ఆర్థికవేత్త 1986 నుండి 2004 వరకు తమ దేశపు ఫుట్‌బాలు లెక్కలు తీసి చూచాడు. అంతే దుస్థితిలో ఉండి శిక్షకుని మార్చని జట్లు కూడా మార్చిన జట్ల మాదిరిగానే కోలుకొన్నాయట. కప్పను ఊరేగించని ఊళ్ళో కూడా వాన పడినట్లు.

ఈ లెక్క నాకు పుస్తకంలో కంటె ముందు తాండూరులో తెలిసింది. పదవీవిరమణ పిమ్మట నేను అక్కడి ఒక ప్రైవేటు బడిలో మూడేళ్ళు తెలుగు చెప్పాను. పొద్దున బండికి వికారాబాదులో ఎక్కి సాయంత్రానికి తిరిగి వచ్చేవాడిని. ఆ బడి కరస్పాండెంటుగారికి బండల వ్యాపారం. నేను చేరిన ఏడాదే ఒక కొత్త ప్రధానోపాధ్యాయుడు వచ్చాడు. నలభై దాటని వయసు, మితభాషి. పదవ తరగతిలో ఆ ఏడు పిల్లలు బలహీనులు. రెండేళ్ళుగా గణితానికి నిలకడగా ఒక ఉపాధ్యాయుడు లేడు. ఈయన పదవవారితో పాటు తొమ్మిదవ తరగతివారిని కూడా సాయంత్రం ఆరుదాకా కూర్చుండబెట్టి, తానే లెక్కలు చెప్పేవాడు. ఫలితాలు వచ్చాయి. 58 మందిలో 13 మంది తప్పారు. వారం తిరగకుండా ఆయనను పంపించారు.

నేను ఉండబట్టలేక కరస్పాండెంటుగారి దగ్గరకు వెళ్ళి, ఇంకొక ఏడాది చూడరాదా అని అడిగాను. ఆయన నన్ను కూర్చోమని, చాయ్ తెప్పించి, ఎంతో మర్యాదగా చెప్పాడు: "బండ పలిగితె బండను తిట్టలేం గద సార్. మేస్త్రినే మారుస్తం."

ఆ తరువాత కొన్నాళ్ళకు బండిలో ఎదుట కూర్చున్న ఒక మేస్త్రితో ఈ మాట కదిపాను. తాండూరు బండ పొరలు పొరలుగా వస్తుంది, పొర బాగుంటే ఉలి పెట్టగానే పలకలా లేస్తుంది. "పొర మంచిగ లేకుంటె నేనేం జేస్త సార్, దేవుడు దిగొచ్చినా గంతే," అన్నాడతను. "గని మారిస్తె మేస్త్రి మంచోడైతడు."

మరుసటి ఏడాది ఇద్దరే తప్పారు. తొమ్మిదిలో ఉండగా సాయంత్రాలు ఆయన దగ్గర లెక్కలు నేర్చిన పిల్లలే వారు. బస్టాండు ఎదుట కట్టిన ఫ్లెక్సీలో మాత్రం కొత్తగా వచ్చిన ప్రధానోపాధ్యాయుని ఫోటో, శాలువాతో. పాతాయన అప్పటికి వికారాబాదులో ఇంటి వరండాలో ట్యూషను చెప్పుకొంటున్నాడు. ఫ్లెక్సీ సంగతి నేను చెప్పకముందే ఆయనకు తెలుసు. "పిల్లలు పాసైండ్రు గద సార్" అని, మా మనుమడు ఏ తరగతి అని అడిగాడు.

శిక్షకుని మాట వచ్చినప్పుడు మన ఊరి రహీం సాహెబును తలవకపోతే తప్పు. సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టినవారు, వృత్తిచేత బడిపంతులు. అందుకే నాకు కొంచెం పక్షపాతం. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షకులయ్యారు. 1950 నుండి వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు ఆ జట్టుదే. వాటమైన కాలు వదిలి రెండవ కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టి కుర్రవాళ్ళను తీర్చినవారు. ఎడమచేతితో అక్షరాలు దిద్దించినట్లన్నమాట.

ఆయన భారత జట్టును హెల్సింకీ ఒలింపిక్సుకు తీసుకొనిపోయిన 1952లో ఏమయింది? యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓటమి. పది గోల్సు! ఇప్పటి యజమాని అయితే సగం ఆటలోనే ఉత్తరం టైపు చేయించేవాడు. అప్పటి పెద్దలు మనిషిని కాక కాళ్ళను చూచారు. ఆ చలిదేశంలో మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. బూట్లు తప్పనిసరి చేశారు, రహీంను ఉంచారు. 1956 మెల్బోర్న్‌లో అదే శిక్షకుని కింద మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాలులో అంతకుమించిన స్థానం మనకు మళ్ళీ దక్కలేదు.

ఆ జట్టుకూ పోలీసు జట్టుకూ కొనుక్కొన్న యజమాని లేడన్నది నిజమే. ఆటగాళ్ళు పోలీసు కొలువులో ఉన్నవారు, జీతం గెలుపును బట్టి వచ్చేది కాదు. అందువల్లనే ఓపిక సాధ్యమయిందని ఎవరైనా అంటే నేను కాదనను.

1962 జకార్తా ఆసియా క్రీడలలో రహీం జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. సెప్టెంబరు 4న తుదిపోరులో మళ్ళీ అదే కొరియా. ప్రేక్షకులంతా మనకు వ్యతిరేకులు. తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగును రహీం ముందువరుసలో నిలిపారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1తో స్వర్ణం. అప్పటికే రహీంగారికి కాన్సరు. 1963 జూన్ 11న హైదరాబాదులో కన్నుమూశారు. ఆనాటికి కూడా పోలీసు జట్టు శిక్షకులు వారే.