జువ్వలదిన్నె నుంచి వచ్చే గంప

నెల్లూరు వాళ్లకి బీచ్ అంటే మైపాడు, కావలి వాళ్లకి తుమ్మలపెంట. ఆ రెండింటి మధ్య ఉన్న జువ్వలదిన్నె పేరు బయటివాళ్లకి తెలిసింది ఈమధ్యే, ఫిషింగ్ హార్బర్ వార్తల్లోకి వచ్చాక. నాకైతే చిన్నప్పటి నుంచీ తెలుసు. కావలిలో మా అమ్మావాళ్ల వీధికి చేపలు తెచ్చే మనిషిది ఆ ఊరే. మేమంతా 'చాపలక్క' అంటాం.

ముప్ఫై ఏళ్ల పరిచయం. ఆమె దగ్గర బేరమాడకుండా అమ్మ ఒక్కసారీ కొనలేదు, బేరం తెగాక కాఫీ ఇవ్వకుండా ఒక్కసారీ పంపలేదు. నేను మొదటి కాన్పుకి వచ్చినప్పుడు పాలసొర తెచ్చి, "పిట్టు చేసి పెట్టమ్మా, బిడ్డకి పాలు చాలతాయి" అని డబ్బులు తీసుకోకుండా వెళ్లిపోయింది. ఈసారి సెలవులకి వచ్చినప్పుడు "మా పాలెం ఒక్కసారన్నా చూసిపో పాపా" అంది. హైదరాబాద్‌లో మాకు నీళ్లంటే ట్యాంకరే కదా! సముద్రం అనగానే ఒప్పేసుకున్నా.

తెల్లవారకముందే అమ్మా నేనూ ఆటోలో బయల్దేరాం. హైవే మీద నెల్లూరు వైపు వెళ్లి, బిట్రగుంట దగ్గర తూర్పుకి తిరగాలి. ఆవిరి ఇంజన్ల రోజుల్లో బిట్రగుంట ఎంత సందడిగా ఉండేదో అమ్మ చెబుతూనే ఉంది, ఈలోగా రొయ్యల గుంటలు మొదలయ్యాయి. ఆ తర్వాత బకింగ్‌హాం కాలువ. ఒకప్పుడు ఉప్పూ, కట్టెలూ, ధాన్యం పడవల్లో ఈ కాలువ మీదే మద్రాసు చేరేవి. 1878లో గవర్నరు పేరు పెట్టుకున్న కాలువ ఇప్పుడు చాలాచోట్ల గుర్రపుడెక్క కింద దాక్కుంది.

సరుగుడు చెట్లు దాటగానే నీళ్లు. ఇక్కడ గుర్రాలు లేవు, మొక్కజొన్న బండ్లు లేవు, సెల్ఫీలు తీసుకునేవాళ్లు లేరు. ఫైబర్ పడవలు ఒక్కొక్కటే అల మీదెక్కి ఇసుకలోకి వస్తున్నాయి. అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగిపోయింది. కార్తీక పున్నమికి తప్ప సముద్రం మొహం చూడని మనిషి, అరగంట బయటికి రాలేదు.

నేను పాట దగ్గర నిలబడ్డాను. వలల్లోంచి దులిపిన నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు ఇసుకలో కుప్పలు పోశారు. పాడేవాళ్లు పాడుతున్నారు. మా వీధిలో గట్టిగా నవ్వే చాపలక్క ఇక్కడ వేరే మనిషి. మా వైపు చూడనే లేదు. కళ్లు కుప్ప మీదే, నోట్లోంచి అంకె తప్ప మాట లేదు. నలుగురు ఆడవాళ్లు కలిసి ఒక కుప్ప పాడుకున్నారు. ఒకామె దాన్ని నాలుగు వాటాలు వేసింది. వాటాలు వేసిన మనిషి తనది చివర తీసుకోవాలట. ఇంతకంటే మంచి తూకం ఉంటుందా!

పాట అయ్యాక టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. పక్క కొట్లో నైలాను వలలు, తాళ్లు, తేలే బెండ్లు వేలాడుతున్నాయి. అమ్మ అక్కడ కూడా ధరలు అడిగింది, అలవాటు మరి. హార్బరు మాట వచ్చింది. 2020 నవంబరులో శంకుస్థాపన, 2024 ఆగస్టు 30న ప్రధాని వర్చువల్‌గా ప్రారంభం. దాదాపు 290 కోట్లు, 1,250 పడవలకి చోటు. చాపలక్క చిన్నకొడుకు చెన్నై కాశిమేడులో బోటు మీద పనిచేస్తాడు. ఇక్కడ పెద్ద బోట్లు నిలబడితే ఇంటికొచ్చేస్తానంటున్నాడు. కడలూరు, కారైకాల్ బోట్లు మన నీళ్లలోకొచ్చి ఊడ్చుకుపోతుంటే చూస్తూ కూర్చోవాలా అని అతని కోపం.

"వాడు రావాలనే నాకూ ఉండాది. కానీ అక్కడ టన్నుల్లెక్కన పాట పెడితే, ఈ గంప కోసరం ఎవురు పాడతారు పాపా?" అంది ఆమె. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు పడవెక్కేవాళ్లకే. "మేం ఎక్కం గదా. మేం మోస్తాం."

నా మటుకు నాకు హార్బరు నడవాలనే ఉంది. ఆ కుర్రాడు ఇల్లు చేరాలి. కానీ ఆమె ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అమ్మే "ముందు అన్నం తిందాం పదండి" అని లేచింది. మామిడికాయ వేసిన పులుసు, నిన్నటిది. నెల్లూరు పులుసు రెండోరోజే తినాలి, ఆ విషయంలో చర్చ లేదు.

సాయంత్రం కావలి బజారుకి ఆమె కూడా మాతో వచ్చింది. కొత్త అపార్ట్‌మెంట్లలో పిల్లలు వాటాలు ఒప్పుకోవట్లేదట, "కేజీ ఎంత?" అంటున్నారట. అందుకని కరెంటు కాటా కొనాలి. కొట్టతను పద్దెనిమిది వందలన్నాడు. ఆమె నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది. "పెద్దామె గంప మోసి సంపాదించే డబ్బయ్యా అది" దగ్గర మొదలై, రెండుసార్లు కొట్టు మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, పద్నాలుగు వందలకి తెంచింది. చాపలక్క ఆ బేరం అంతా నోట్లో కొంగు పెట్టుకుని నవ్వుతూ చూసింది.

పనిచేస్తోందో లేదో చూడాలి కదా. పొద్దున అమ్మ కోసం కిలో అని కంటికొలతన కట్టి, ఐసులో దాచిన నెత్తళ్ల కవరు తీసి కాటా మీద పెట్టింది. ఎర్ర అంకెలు కాసేపు ఊగి 1.080 దగ్గర ఆగాయి.

"చూసినావా అమ్మా!" అంది చాపలక్క.

"కొత్త కాటా కదా, ఇంకా కుదురుకోలేదులే" అంది అమ్మ, కవరు తీసి సంచిలో వేసుకుంటూ.