కొండమీద కొయ్యమేడ

వెనకటికి కొండలెక్కినవాళ్లు సత్రంలో పడుకునేవారు. తరవాత లాడ్జీలు వచ్చాయి. గదికి రెండు మంచాలు, ఒక కూజా, గోడకి ఒక దేవుడి కేలండరు. ఇప్పుడు 'డిజైన్ హోటల్' అని మరొకటి బయలుదేరింది. అదేమిటని 2024 వేసవికి ముందు మీరు నన్ను అడిగి ఉంటే చెప్పగలిగేవాణ్ణి కాను. ఇప్పుడు చెప్పగలను. మామూలు హోటల్లో డబ్బిచ్చినకొద్దీ గదిలో సామాను పెరుగుతుంది. డిజైన్ హోటల్లో డబ్బిచ్చినకొద్దీ తగ్గుతుంది.

మా అమ్మాయి ఆర్కిటెక్చరు రెండో సంవత్సరం చదువుతోంది. సెలవుల్లో ఎక్కడికైనా వెడదామని నేనన్నదే తడవుగా, ఎక్కడికి వెళ్లాలో, ఎక్కడ దిగాలో, ఏ కిటికీలోంచి ఏ కొండ చూడాలో కూడా అదే నిర్ణయించేసింది. హిమాచల్ ప్రదేశ్‌లో కులూ లోయ. అందులో నగ్గర్ అనే ఊరు. ఆ ఊరికి కాస్త ఎగువగా ఎనిమిది గదుల హోటలు. మూడు రాత్రులకి వాళ్లడిగిన అద్దె విని, "ఆ డబ్బుతో ముగ్గురం కాశీ వెళ్లి రావచ్చునే" అన్నాను.

"కాశీలో కాఠ్‌కుణీ ఉండదు నాన్నా" అంది.

అది తినేదో కట్టుకునేదో నాకు తెలియలేదు. తెలియని మాట ఎదురైనప్పుడు గంభీరంగా తల ఊపడం లెక్చరర్లకి అలవాటు. ఊపాను.

బయలుదేరే ముందురోజు రాత్రి అమలాపురం నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు. ఆ పక్క పల్లెలో మాకు తాతగారి నాటి మండువా లోగిలి ఉంది. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కతే అందులో ఉంటోంది. ఎవరో మధ్యవర్తి వచ్చి, మండువా చుట్టూ ఉన్న పన్నెండు టేకు స్తంభాలూ, సింహద్వారమూ, దూలాలూ కలిపి బేరం పెట్టాడట. కొత్తగా కట్టే ఏదో రిసార్టుకి కావాలిట.

"మనం ఎల్లాగూ దాన్ని నిలబెట్టలేం అన్నయ్యా. ఆ డబ్బుతో అమ్మకి రెండు గదుల డాబా వేసేద్దాం. పది రోజుల్లో ఏ సంగతీ చెప్పమన్నాడు" అన్నాడు.

వాడి మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అయినా నా నోట 'సరే' అన్న మాట రాలేదు. ఆలోచించి చెబుతానన్నాను. ఆ ఆలోచన కూడా పెట్టెలతోబాటు రైలెక్కింది.

ఢిల్లీ దాకా రైలు, అక్కణ్ణించి రాత్రంతా బస్సు. తెల్లవారేసరికి ఒక పక్క కొండ, ఒక పక్క బియాస్ నది. పత్లీకూహల్ దగ్గర దిగి, వంతెన దాటి, ఆవలి గట్టున కొండ ఎక్కితే నగ్గర్. సుమారు 6000 అడుగుల ఎత్తు. మే నెలలో మా ఊళ్లో రోళ్లు పగులుతూంటే అక్కడ నేను మఫ్లరు చుట్టుకోవలసివచ్చింది. ఆపిల్ చెట్లకి పూత రాలిపోయి, ఉసిరికాయలంతేసి పిందెలు వేలాడుతున్నాయి.

గదిలో అడుగుపెట్టి మా ఆవిడ నాలుగు గోడలూ కలయజూసింది. ఒక వరస రాయి, ఒక వరస కొయ్య. పైన పూతా లేదు, రంగూ లేదు. ఫాను లేదు, టీవీ లేదు, చొక్కా తగిలించుకుందామంటే చిలక్కొయ్య అయినా లేదు.

"ఏమండీ, ఇంత డబ్బు పుచ్చుకుని గోడకి సున్నమైనా కొట్టించలేదేమిటి?" అంది.

"అదే డిజైను అమ్మా" అంది మా అమ్మాయి.

"అయితే మన వంటింటి గోడ పదేళ్లనుంచీ డిజైనులోనే ఉందన్నమాట!"

కాని ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కిటికీ తలుపు తీసేసరికి ముగ్గురికీ మాట పడిపోయింది. లోయకి అవతల మంచుకొండలు. కిటికీ కింద కూర్చునేందుకు ఒక అరుగు. సరిగ్గా మా ఊరి వీధి అరుగంత ఎత్తు. ఎవరో మనిషి మోకాలిని కొలిచి కట్టినట్టుంది. రాత్రి చలికి గదిలో ఇనప పొయ్యి రాజేశారు. దాన్ని బుఖారీ అంటారు. గది వేడెక్కేకొద్దీ గోడలోని కొయ్యలోంచి మెల్లిగా ఒక పరిమళం బయలుదేరింది. అది దేవదారు. కావ్యాల్లో దేవదారు వృక్షం వచ్చినప్పుడల్లా ఇరవై ఏళ్లుగా పిల్లలకి పాఠం చెబుతున్నాను. దాని వాసన నా ముక్కుకి తగలడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్న మా అమ్మాయి నన్ను గోడ ముందు నిలబెట్టి పాఠం చెప్పింది. గోడ మందమంత ఎడంలో రెండు దేవదారు దూలాలు పక్కపక్కన పరుస్తారు. అవి విడిపోకుండా అడ్డంగా చిన్న కొయ్యముక్కలు బిగించి, మధ్య సందులో రాళ్లు కూరతారు. దానిమీద ఒక వరస రాయి. ఆపైన మళ్లీ దూలాలు. మూల దగ్గర ఈ గోడ దూలం మీద ఆ గోడ దూలం, దానిమీద మళ్లీ ఈ గోడది — రెండు చేతుల వేళ్లూ పెనవేసినట్టు. సున్నం లేదు, సిమెంటు లేదు. ఇనప మేకు బదులు కొయ్యచీల. పైన పలకరాళ్ల కప్పు. పాత ఇళ్లల్లో కింది అంతస్తు పశువులకి, మధ్యది ధాన్యానికి, పైన మనుషులు. చలికాలంలో పశువుల వెచ్చదనం పైకెక్కుతుంది. పై అంతస్తులో గోడ దాటి ముందుకి వచ్చిన కొయ్య వసారాలో మనుషులు ఎండ కాగుతారు.

"కాఠ్ అంటే కొయ్య, కుణీ అంటే మూల" అంది.

ఇక్కడ నాకు సందు దొరికింది. "కాష్ఠం, కోణం! మన నిఘంటువులో మాటలే" అన్నాను. ఆ వివరం తన నోటుపుస్తకంలో రాసుకుంది. నేను చెప్పినది అది రాసుకోవడం హైస్కూలు తరవాత అదే మొదటిసారి.

"మరి సిమెంటు లేకుండా గోడ ఎల్లా నిలుస్తుందే?"

"సిమెంటు లేదు గనకే నిలుస్తుంది నాన్నా. భూమి అదిరినప్పుడు బిగదీసుకుని ఉన్న గోడ పగులుతుంది. ఇది కాస్త కదిలి మళ్లీ సర్దుకుంటుంది."

సాక్ష్యం చూపిస్తానని నగ్గర్ కోటకి తీసుకువెళ్లింది. నగ్గర్ ఒకప్పుడు కులూ రాజుల రాజధాని. ఆ కోటని 1460 ప్రాంతంలో రాజా సిధ్‌సింగ్ కట్టించాడని చెబుతారు. 1905 ఏప్రిల్ 4న కాంగ్రా భూకంపం వచ్చినప్పుడు సుమారు 20,000 మంది చనిపోయారు. ఊళ్లకి ఊళ్లే నేలమట్టమయ్యాయి. ఈ కొయ్యా రాయీ కోట నిలిచింది. తరవాత ప్రభుత్వం దాన్ని హోటలుగా మార్చింది. అంతకుముందెప్పుడో ఒక రాజుగారు దాన్ని ఇంగ్లీషు దొరకి ఒక తుపాకీకి బదులుగా ఇచ్చేశాడని అక్కడ కథగా చెప్పుకుంటారు.

"తుపాకీ ఏమైందిట?" అని అడిగింది మా ఆవిడ. ఎవరికీ తెలియదు. కోట మాత్రం ఉంది.

కోట వసారాలో నిలబడితే కింద బియాస్ నది తళతళలాడుతూ కనిపిస్తుంది. మన పురాణాల్లో విపాశ అంటే అదే. కొడుకుల్ని పోగొట్టుకున్న వసిష్ఠుడు ఒళ్లంతా తాళ్లతో బిగించుకుని అందులో పడితే, నది ఆ పాశాలు విప్పి ఆయన్ని ఒడ్డుకి చేర్చిందని భారతంలో కథ. అంచేత విపాశ. ఏటా క్లాసులో చెప్పే కథే అయినా, ఆ నది కళ్లెదుట పారుతూంటే మళ్లీ చెప్పాలనిపించింది. మా అమ్మాయి ఆవలించకుండా విన్నది.

అక్కడికి దగ్గరలోనే రష్యను చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ ఇల్లు. 1947లో చనిపోయేదాకా ఆయన నగ్గర్‌లోనే ఉన్నాడు. ఆయన చిన్నకొడుకు స్వెతస్లావ్ 1945లో పెళ్లాడింది సినీతార దేవికారాణిని. ఆవిడ పుట్టింది మన వాల్తేరులో. మా ఆవిడ పుట్టిల్లు విశాఖపట్నం. "మా ఊరి పిల్లే!" అని, ఆ క్షణం నుంచీ ఆ కొండలతో బంధుత్వం కలిపేసుకుంది.

రెండోరోజు సాయంత్రం సంగతి చెప్పాలి. హోటల్లో భోజనాల గదికి ఒక పాత తలుపు ఉంది. నల్లగా నిగనిగలాడే దేవదారు. చుట్టూ లతలు చెక్కారు. తల వంచితే గాని లోపలికి పోలేనంత పొట్టి. దాన్ని నిమిరి చూస్తూండగా, బుఖారీ రాజేసే పెద్దమనిషి వెనకనుంచి వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. తలమీద రంగుల పట్టీ కులూ టోపీ.

"అది మా తాతగారి ఇంటి తలుపు, బాబూజీ" అన్నాడు.

నా హిందీ అంతంతమాత్రం. మా అమ్మాయి సాయం పట్టింది. ఆయన అన్నదమ్ములు ముగ్గురు. ఇల్లు పాతబడి పలకరాళ్లు జారిపోయాయి. బాగుచేయిద్దామంటే దేవదారు కావాలి. అడవిలో చెట్టు కొట్టాలంటే సవాలక్ష అనుమతులు, కొనాలంటే బంగారం ధర. ఆ పని తెలిసిన మేస్త్రీలూ అరుదైపోయారు. ముగ్గురూ కూర్చుని ఇల్లు విప్పేశారు. తలుపూ దూలాలూ ఈ హోటలు కొనుక్కుంది. ఆ డబ్బుతో ఎవరికి వాళ్లు సిమెంటు గదులు వేసుకున్నారు.

"సిమెంటు గదులు ఎల్లా ఉన్నాయి?" అని అడిగాను.

"చలికాలం మరీ చలి. కాని ఇంట్లో కుళాయి ఉంది. మా ఆడది మంచులో బయటికి వెళ్లనక్కర్లేదు."

"ఈ తలుపు చూస్తే బాధ కలగదూ?"

కాసేపు ఆలోచించాడు. "మొదట్లో ఇటువైపు వచ్చేవాణ్ణి కాను. ఇప్పుడు పొద్దున్న తీసేదీ నేనే, రాత్రి వేసేదీ నేనే. తలుపు బాగానే ఉంది బాబూజీ. ఇల్లు అందులో ఉండేవాళ్లది. మేము అందులో లేము కదా!"

ఇంతలో సిద్దూలు చల్లారిపోతాయని గుర్తొచ్చి గబగబా లోపలికి వెళ్లాడు. సిద్దూ అంటే పులియబెట్టిన గోధుమపిండిలో అక్రోటు ముద్ద పెట్టి ఆవిరిమీద ఉడికించిన కుడుము. పైన నెయ్యి పోసి ఇస్తారు. మన వినాయకచవితికి దూరపు చుట్టం. నేను రెండు తిన్నాను గాని, మనసు తలుపు దగ్గరే ఉండిపోయింది.

కొయ్య మంచిదనీ సిమెంటు చెడ్డదనీ తీర్పు చెప్పి ఊరుకుంటే సులువుగానే ఉండేది. కాని అదే జిల్లాలో మలాణా అనే గ్రామంలో 2008 జనవరిలో ఒకసారి, 2021 అక్టోబరులో మరొకసారి నిప్పంటుకుని ఎన్నో కొయ్య ఇళ్లు బూడిదైపోయాయి. ఇటు 2023 ఆగస్టులో వానలకి నేల జారి, ఆనీ అనే ఊళ్లో బహుళ అంతస్తుల సిమెంటు భవనాలు పేకమేడల్లా కూలాయి. ఏదీ శాశ్వతం కాదు. తాతలు దేవదారుతో కట్టింది అందం కోసం కాదు. ఎదురుగా అడవి ఉంది, కింద నేల అదురుతుంది, పైన మంచు కురుస్తుంది. ఆ మూడింటికీ జవాబుగా కట్టారు. అందం వెనకాల వచ్చింది. మేము అద్దె పోసి చూస్తున్నది ఆ వెనకాల వచ్చినదాన్ని.

గదికి వచ్చాక తమ్ముడి మాట మా ఆవిడతో మళ్లీ ఎత్తాను. "మీరూ మరిదిగారూ ఏమనుకుంటే ఏం లాభం? ఉండేది అత్తయ్యగారు. ఆవిడనే అడగండి" అంది.

ఫోను చేశాను. అమ్మ ఒక్క నిమిషం కూడా తటపటాయించలేదు.

"ఒరే, స్తంభాలు అమ్ముతారో ఉంచుతారో మీ ఇష్టం. వాటిని కావిలించుకుని ఏడవను. వాన వస్తే ఉత్తరం వసారాలో నాలుగుచోట్ల గిన్నెలు పెడుతున్నాను. రాత్రిళ్లు దొడ్లోకి వెళ్లాలంటే హడలిపోతున్నాను. కిందటి నెల చీకట్లో కాలు జారితే, గుమ్మం పక్క స్తంభం పట్టుకుని నిలదొక్కుకున్నాను. ముందు నా గది పక్కన ఒక స్నానాలగది కట్టించండి. మిగతా సంగతి తరవాత."

"డాబాలోకి మారతావా మరి?"

"ఎందుకురా? మండువాలో కూచుంటే వీధిగుమ్మంలో వచ్చేవాళ్లూ కనిపిస్తారు, పెరటిగుమ్మంలో పోయేవాళ్లూ కనిపిస్తారు. వాన పడితే వాన కనిపిస్తుంది. డాబాలో ఏం కనిపిస్తుంది? గోడ!"

అంత అద్దె పోసిన గదిలో కూర్చుని నేను విన్న డిజైను పాఠాల్లో అంతకంటె సూటైనది లేదు.

మా అమ్మాయి అప్పటికప్పుడు హోటలు కాగితం మీద గీత గీసింది. దక్షిణపు గదికి ఆనించి స్నానాలగది. మంచం నుంచి దాకా పట్టుకుని నడిచేందుకు గోడ వెంబడి కొయ్య కమ్మీ. స్తంభాలు కదపనక్కర్లేదు. పెంకు తిరగనేయించాలి. తమ్ముడికి ఫోను చేసి, ఖర్చు చెరిసగం పెట్టుకుందామన్నాను.

"ఎన్నాళ్లు నిలబెట్టగలం అన్నయ్యా?" అన్నాడు.

"అమ్మ ఉన్నన్నాళ్లూ నిలబెడదాం. ఆ తరవాత అందులో ఉండేవాళ్లెవరో చూసి అప్పుడు ఆలోచిద్దాం."

వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఆ గుమ్మం పక్క స్తంభం సంగతి అమ్మ నాకు చెప్పలేదు" అన్నాడు. మర్నాడే మధ్యవర్తికి కుదరదని చెప్పేశాడు. దసరా నాటికి స్నానాలగది పూర్తయింది.

హోటలు వదిలే రోజున అభిప్రాయాలు రాయమని ఒక పుస్తకం ఇచ్చారు. మా అమ్మాయి ఇంగ్లీషులో పేజీ నింపింది. నేను దేవదారు పరిమళం గురించి నాలుగు ముక్కలు రాశాను. మా ఆవిడ కలం తీసుకుని, శుభ్రమైన తెలుగులో ఇలా రాసింది: "ఇల్లు చాలా బాగుంది. తడిబట్టలు ఆరేసుకోవడానికి ఒక తాడు కడితే ఇంకా బాగుంటుంది."