చుక్కలకు సాక్షులు

"సైన్సు ఇవాళ ఒకటి చెబుతుంది, రేపు దాన్నే కాదంటుంది. వాక్యం మాత్రం మారదు." మన ప్రసంగాలలో ఈ మాట తరచుగా వినబడుతుంటుంది. చెప్పేవారి ఉద్దేశం మంచిదే. కాని మా ఇంట్లో భౌతికశాస్త్రం చదువుకుంటున్న అమ్మాయి ఉంది. ఆ మాట విని వచ్చిన ఆదివారమల్లా ఆమె భోజనం దగ్గర మౌనంగా ఉండిపోయేది. ఒకనాడు, "రేపటికి అబద్ధమయ్యే చదువుకు నాకెందుకు ఫీజులు కడుతున్నారు నాన్నా?" అని అడిగేసింది. ఇటువంటి పిల్లలున్న తల్లిదండ్రులు మన సంఘాలలో చాలామంది ఉన్నారు గనుక, మాకు తోచిన జవాబు ఇక్కడ రాస్తున్నాము.

జవాబు కోసం మేము దూరం పోనక్కరలేకపోయింది. పాతబస్తీలో మేముండే చోటికి దగ్గరలోనే ఫిసల్ బండ ఉంది. (ఫిసల్ అంటే ఉర్దూలో జారడం, బండ మన తెలుగు బండే. సగం అది, సగం ఇది; మా బస్తీ భాషే అంత.) పాయిగా సమాధుల వల్ల ఆ పేరు చాలామందికి తెలుసు. నవాబు జఫర్ జంగ్ అనే ప్రభువు 1901లో 15 అంగుళాల దూరదర్శిని కొని, ఆ ఫిసల్ బండలోని తన ఎస్టేటులోనే ఒక వేధశాలకు పునాది వేశాడు. దానికి నిజాం పేరు మీదుగా నిజామియా అని పేరు వచ్చింది. 1907లో ఆయన చనిపోయాడు. మరుసటి సంవత్సరం ప్రభుత్వం దానిని తన చేతిలోకి తీసుకొని, తరువాత బేగంపేటకు తరలించింది. పాతబస్తీలో ఒక నవాబు ముచ్చటగా మొదలైనది అక్కడ కొందరికి జీవితకాలపు పని అయింది.

ఆ పని ఏమిటంటే, ఆకాశాన్ని కొలవడం. 1887లో పారిస్‌లో శాస్త్రజ్ఞులు సమావేశమై, మొత్తం ఆకాశాన్ని ఫోటో పలకల మీదికి ఎక్కించాలనీ, ప్రతి చుక్క స్థానం కొలిచి అచ్చువేయాలనీ తీర్మానించారు. దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. చిలీ దేశపు సాంటియాగోకు ఇచ్చిన పట్టీ అక్కడ పూర్తికాలేదు. దక్షిణాకాశంలో 17 నుండి 23 డిగ్రీల వరకు ఉన్న ఆ పట్టీని హైదరాబాదు తలకెత్తుకుంది.

ఒక్కొక్క గాజు పలక మీద రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు గల ఆకాశం పడుతుంది. పలక మీద సన్నని గళ్ళు అచ్చుపడి ఉంటాయి. సూక్ష్మదర్శిని వంటి యంత్రంలో కన్ను పెట్టి, ఏ చుక్క ఏ గడిలో ఎంత దూరాన ఉందో చూసి, అంకె రాసుకోవాలి. తరువాత మరో చుక్క. మనిషి కన్ను ఎప్పుడూ కొంచెం ఒక పక్కకే మొగ్గుతుంది. ఆ మొగ్గు పోవడానికి పలకను తలకిందులు చేసి మళ్ళీ కొలిచే పద్ధతి ఈ పనిలో ఉండేది. మోషే ధర్మశాస్త్రం కూడా ఒక్క సాక్షితో తృప్తిపడదు గదా! ఆక్స్‌ఫర్డ్ నుండి 1914లో వచ్చిన పోకాక్ అనే డైరెక్టరు 1918లో మరణించాడు. ఆయన స్థానంలో టి. పి. భాస్కరన్ 1944 వరకు ఆ పని నడిపించారు. హైదరాబాదు పట్టీలో కొలిచిన చుక్కలు ఏడు లక్షలకు పైబడ్డాయి. అదే కాలంలో, 1910 నుండి 1921 వరకు, వాటికన్ వారి పట్టీలో దాదాపు 4,80,000 చుక్కలను నలుగురు కన్యాస్త్రీలు కొలిచారు. వారి పేర్లు లోకానికి తెలిసింది 2016లోనే.

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్నకు వద్దాం. పోకాక్ బేగంపేటకు వచ్చిన సంవత్సరంలో, మన పాలపుంతే సమస్త విశ్వమని చాలామంది శాస్త్రజ్ఞులు తలచేవారు. 1920ల మధ్యకు వచ్చేసరికి, అది అనేక నక్షత్రమండలాలలో ఒకటి మాత్రమేనని హబుల్ చూపించాడు. గురుత్వాకర్షణను గురించి న్యూటన్ చెప్పిన దాని స్థానంలో ఐన్‌స్టీన్ సిద్ధాంతం వచ్చింది. ప్రసంగీకులు చెప్పే మార్పు ఇదే, ఇది నిజమే. అయితే ఆ రాత్రి ఆ చుక్క అక్కడ ఉంది అని బేగంపేటలో రాసిన అంకెను ఈ మార్పులలో ఏదీ కొట్టివేయలేదు. అది సిద్ధాంతం కాదు, సాక్ష్యం. సైన్సు మారుతుందనేవారు ఈ రెంటికీ ఉన్న తేడా చెప్పకపోవడం పిల్లలకు అన్యాయమని మా అభిప్రాయం.

ఈ సాక్ష్యానికి మరో గుణముంది. ఎంత గొప్ప యంత్రం వచ్చినా, గడిచిపోయిన రాత్రికి తిరిగి వెళ్ళి కొలవలేదు. చుక్కలు కదలవని వెనుకటివారు నమ్మారు. 1718లో హేలీ తన కాలపు కొలతలను ప్రాచీన గ్రీకుల కొలతలతో పోల్చి చూసి, సిరియస్, ఆర్క్‌ట్యూరస్, ఆల్డిబరాన్ తమ చోటు నుండి జరిగాయని కనుగొన్నాడు. చుక్కలు కదలవనుకున్నవారు రాసిపెట్టిన అంకెలే చుక్కలు కదులుతాయని రుజువు చేశాయి! 1989లో ఐరోపావారు పంపిన ఉపగ్రహానికి ఆ గ్రీకులలో ఒకడైన హిప్పార్కస్ పేరే పెట్టారు. అది నాలుగేళ్ళలోపే పని ముగించింది. అంత కొద్దికాలంలో చుక్క నడక సరిగా తెలియదు. అందుచేత 2000 సంవత్సరంలో 25 లక్షల నక్షత్రాల పట్టిక తయారుచేసినవారు పాత గాజు పలకల కొలతలను, హైదరాబాదు కొలతలతో సహా, వెదికి కలుపుకున్నారు. పోకాక్ చనిపోయి అప్పటికి ఎనభై ఏళ్ళు దాటింది.

అయితే 2013లో ఎగిరిన గయా అనే ఉపగ్రహం తన సొంత కొలతలతోనే కోటానుకోట్ల చుక్కల నడక లెక్కగట్టింది. ఇక పాత పలకలతో పనేమి అనిపించవచ్చు. కాని కొన్ని చుక్కలు జంటలుగా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. వాటిలో కొన్నింటికి ఒక్క చుట్టు పూర్తికావడానికి వందల ఏళ్ళు పడుతుంది. అటువంటి జంట దగ్గరకు వచ్చేసరికి ఇప్పటి శాస్త్రజ్ఞులు సైతం పాత సంపుటాలు తెరిచి, మనవాళ్ళు వందేళ్ళ క్రితం ఏ అంకె రాశారో చూసుకోవలసి వస్తుంది.