పాస్తా సూపు – యాతయామ విచారము

గీత 17వ అధ్యాయము యాతయామమైన భోజనము తామసులకు ప్రియమనును. వండి జాము, అనగా 3 గంటలు, గడచినదని పెద్దలు దానికి అర్థము చెప్పుదురు. దూరదేశపు వంటకము అను ఆక్షేపణ అచట కనబడదు.

ఎనుబది రెండేండ్ల మా అమ్మగారు జ్వరానంతరము అన్నము ముట్టుట మానిరి. మనుమరాలు పాస్తా సూపు చేసెదననగా, “ఊరూ పేరూ తెలియని తిండి నాకేలరా?” అని నన్నడిగిరి. ఊరు ఇటలీ, పదార్థము గోధుమరవ్వ, నీరు. మన సేమియాకు జ్ఞాతియే. కొన్నిటిలో గ్రుడ్డు కలుపుదురు గనుక పొట్లముపై ఆకుపచ్చ చుక్కను చూచితిని.

మడితో నేనే వండితిని. నేతిలో జీలకర్ర, అల్లము వేగిన పిదప క్యారెట్టు, బీన్సు, సొరకాయ, టమాటా ముక్కలు వేసి, నాలుగు గ్లాసుల నీరు పోసితిని. కూరలు సగముడికిన తరువాత గుప్పెడు చిన్న పాస్తా వేసి, 10 నిమిషములకు దింపి, సైంధవలవణము, మిరియాల పొడి చేర్చితిని. ఉల్లి, వెల్లుల్లి లేవు. అంగడి సూపు పొడులు అసలే వలదు.

దీనిని నిలువ ఉంచరాదు; కొంతసేపటికే పాస్తా రసమునంతయు పీల్చి ముద్దయగును. యాతయామ నిషేధమును ఇంత నిష్ఠగా పాటించు వంటకము మా ఇంట మరొకటి లేదు!

నివేదించి వేడిగా అందించితిని. అమ్మగారు రెండు గరిటెలు పుచ్చుకొని, “మిరియము చాలలేదురా” అనిరి.