మా చేతిలో కర్ర

ముస్లింలు తమ అస్తిత్వం గురించి రాసుకునే పుస్తకంలో పూల్ ఆడే స్టిక్ గురించి ఏముంటుందని కొందరు నవ్వొచ్చు. నవ్వనీయండి. కర్ఫ్యూల గురించి రాశాం. తలాక్ గురించి రాశాం. దూదేకుల బతుకుల గురించి, పాస్‌పోర్టు ఎంక్వైరీల గురించి రాశాం. ఇంకా రాస్తాం. మరి మా సాయంత్రాల గురించి ఎవరు రాయాలె? ఇషా నమాజు అయ్యాక, దుకాణాల షట్టర్లు దించాక మేం ఎక్కడికి పోతామో తెలుసా? మీరు అనుమానించే చోటికి కాదు. గల్లీ చివర మేడ మీదున్న స్నూకర్ పార్లర్‌కు పోతాం.

మేం నలుగురం. ఒకరు బైక్ మెకానిక్, ఒకరు మందుల షాపులో పని, ఇద్దరు ప్రైవేటు స్కూలు టీచర్లు. ఐదోవాడు మా హిందూ దోస్తు, కరెంటు సామాన్ల దుకాణం ఆయనది. చుట్టుపక్కల పార్లర్లు కలిసి పెట్టుకున్న చిన్న లీగ్‌లో వారానికో రోజు ఎయిట్ బాల్ ఆడతాం. గెలిస్తే చాయ్, ఓడితే కూడా చాయ్.

మా అబ్బాలకు ఇది నచ్చదు. పార్లర్ అంటే ఆవారాగాళ్ల అడ్డా అంటారు. మౌల్వీ సాబ్ అభ్యంతరం వేరు. ఓడినవాడే టేబుల్ పైసలు కట్టే పద్ధతి జూదం కిందికే వస్తుందని ఆయన మాట. ఆ మాటలో న్యాయం ఉందనిపించింది. అందుకని ఎవరు గెలిచినా టేబుల్ కిరాయి సగం సగం కడతాం. దానితో ఆట రుచి ఏమీ తగ్గలేదు.

ఇంకొందరు ఇది దొరల ఆట, మీకెందుకంటారు. స్నూకర్ పుట్టింది 1875లో జబల్‌పూర్‌లో, ఇంగ్లీషు ఆఫీసర్ల మెస్‌లో. దాని రూల్సు కుదిరింది 1882లో ఊటీ క్లబ్బులో. పుట్టింది ఈ నేల మీదే, ఆడింది మాత్రం వాళ్లు. మన ఫలక్‌నుమా ప్యాలెస్‌లోనూ బిలియర్డ్స్ గది ఉంది. మమ్మల్ని నవాబుల వారసులని దెప్పేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలె. అలాంటి గదుల్లో మా తాతలు ఆడలేదు. అడుగుపెట్టి ఉంటే తివాచీలు దులపడానికో, దొరలు కొట్టిన పాయింట్లు లెక్కపెట్టడానికో పెట్టి ఉంటారు. సొంత స్టిక్ కొనాలని కూచున్నది మా వంశాల్లో మేమే మొదలు.

ఎందుకు కొనాలె? పార్లర్ గోడకు స్టిక్కులు ఉండనే ఉన్నాయి కదా? ఉన్నాయి. ఒకటి వంగి ఉంటది. ఒకదాని టిప్పు అరిగి నున్నగా రాయిలా ఉంటది. ఇంకోదాని పిడి వందమంది చెమటతో జిగురుగా ఉంటది. వాటితో బాల్ పాకెట్‌లో పడకపోవడం పెద్ద బాధ కాదు. తప్పు మా చేతిదో, కర్రదో తెలియకపోవడమే బాధ.

ఈ బాధ మాకు కొత్తది కాదు. కిరాయి ఇంటి కోసం పోతే "నిన్ననే ఇచ్చేశాం" అంటారు. నిజంగానే ఇచ్చేశారో, మా పేరు విన్నాక ఇచ్చేశారో తెలియదు. ఇంటర్వ్యూ నుంచి కబురు రాకపోతే మా చదువు చాలలేదో, మా గడ్డం ఎక్కువైందో తెలియదు. తప్పు మాదే అయితే దిద్దుకుంటాం. ఎవరిదో తెలియని తప్పును ఏం దిద్దుకోవాలె? జీవితంలో ఎట్లాగూ కుదరడం లేదు, కనీసం టేబుల్ దగ్గరైనా మా తప్పు మాదని తేలాలె. స్టిక్ కొనడానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు.

ముందు ఏ ఆటకో తేల్చుకోవాలె. స్నూకర్ స్టిక్ కొస సన్నం, తొమ్మిది, పది మిల్లీమీటర్లు. ఎక్కువగా యాష్ కర్రతో చేస్తారు. పూల్ బాల్ పెద్దది, బరువైంది. అందుకని పూల్ స్టిక్ కొస పన్నెండు, పదమూడు మిల్లీమీటర్లుంటది. అది మేపుల్ కర్ర. మేం లీగ్‌లో ఆడేది పూల్. కాబట్టి పూల్ స్టిక్కే.

దుకాణంలో మొదట కళ్లకు పడేవి రంగులు. పిడి మీద డ్రాగన్లు, మంటలు, ముత్యాల్లాంటి చుక్కలు. చవక స్టిక్కుల మీద అవి అతికించిన బొమ్మలు. బాల్‌కు ఆ బొమ్మలు కనపడవు. చూడాల్సింది మూడే. కర్ర తిన్నగా ఉందా? టేబుల్ మీద దొర్లించి చూడాలె. ముందు రెండు ముక్కలు కలిపి, తర్వాత విడివిడిగా. కొస ఎగిరెగిరి పడితే వంకర ఉన్నట్టే. రెండోది బరువు. పద్దెనిమిది నుంచి ఇరవై ఒక్క ఔన్సుల దాకా దొరుకుతయి. కొత్తవాళ్లు పంతొమ్మిది దగ్గర మొదలుపెడితే చేతికి అలవాటు పడతది. అంటే సుమారు 540 గ్రాములు. మూడోది టిప్పు. మరీ మెత్తగా ఉంటే త్వరగా నలిగిపోతది. మరీ గట్టిగా ఉంటే చాక్ సరిగ్గా నిలవదు, బాల్ మీద జారతది. మధ్యరకం మంచిది. దారం చుట్టిన పిడి చెమట పీలుస్తది. మన ఎండలకు అది నయం.

టిప్పు దగ్గరే మాకు అసలు పేచీ వచ్చింది. టిప్పు తోలుతో చేస్తారు. పొరలు పొరలుగా అతికించి చేసే ఖరీదైన టిప్పుల్లో చాలావాటికి వాడేది పంది తోలు. మేం మొహాలు చూసుకున్నాం. సరే, ఆవు తోలు టిప్పు ఉందా అని అడిగేసరికి మా దోస్తు గొంతు సవరించుకున్నాడు.

"భాయ్, అది నాకొద్దు."

1857లో తూటాలకు పూసిన కొవ్వు గురించి సిపాయిలకు వచ్చిన పేచీ కూడా ఇదే కదా! ఆవుదని వాళ్లు, పందిదని వీళ్లు. ఇద్దరూ కలిసి తెల్లోడి మీద తిరగబడ్డారు. మాకు అంత దూరం పోవాల్సిన పని పడలేదు. బర్రె తోలుతో చేసిన టిప్పు ఉందని దుకాణదారు చెప్పాడు. అందరం అదే వేయించుకున్నాం. ఈ దేశంలో కలిసి బతకడం గురించి పెద్ద పెద్ద ఉపన్యాసాలు విన్నాం. మాకైతే అది బర్రె తోలు దొరికేదాకా వెతకడమే అనిపించింది. ఆయన మా కోసం ఆగాడు, మేం ఆయన కోసం ఆగాం.

ఇక కేసు. రెండు ముక్కలుగా విప్పిన స్టిక్‌ను పెట్టుకునే సంచి. నల్లగా, పొడుగ్గా, రెండున్నర అడుగుల పైనే ఉంటది. పార్లర్ మూసే వేళకు దాన్ని భుజాన వేసుకుని బైక్ మీద పోతుంటే ఎవరికి ఏం కనపడతదో మాకు తెలుసు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయింది నమాజుకు పోయిన మావాళ్లే. తర్వాత పట్టుకుపోయిందీ మా కుర్రాళ్లనే. నిర్దోషులని కోర్టు వదిలేటప్పటికి వాళ్ల చదువులు, నౌకరీలు చెదిరిపోయాయి. ఆ ఏళ్లను చూసిన అమ్మీలకు కొడుకు భుజాన నల్ల సంచి కనపడితే నిద్ర ఎట్లా పడుతుంది?

లీగ్ మొదలైన కొత్తలో ఒక రాత్రి మమ్మల్ని ఆపారు. పేరు అడిగారు. పేరు చెప్పాక సంచి తెరవమన్నారు. కర్ర ముక్కలు తీసి, మర తిప్పి చూసి, లోపల ఏముందని అడిగారు. కర్ర లోపల కర్రే ఉంటది. వెనకాలే వచ్చిన మా దోస్తు భుజాన కూడా అదే సంచి. ఆయన్ని పొమ్మన్నారు.

తర్వాతి వారం "మీ స్టిక్కులన్నీ నాకియ్యండి, నేను తెస్తా" అన్నాడాయన. ప్రేమతోనే అన్నాడు. మా అమ్మీలూ అదే మంచిదన్నారు. ఇంకొకరు ఎర్రదో పచ్చదో మెత్తటి గుడ్డ సంచి కొనుక్కోండి, చూస్తే అనుమానం రాదని చెప్పారు. మేం ఆలోచించాం. మెత్తటి సంచిలో స్టిక్‌కు దెబ్బలు తగులుతయి. బైక్ మీద పోయేటప్పుడు కొస విరగొచ్చు. గట్టి కేసయితే దెబ్బలు ఆపుతది, ఎండావానల నుంచి కొంత కాపాడతది. స్టిక్‌కు ఏది మంచిదో అదే కొనాలె. మా మీద అనుమానానికి ఏది మంచిదో చూసి కొంటూ పోతే రేపు పేరు కూడా మార్చుకోవాల్సి వస్తది.

గట్టి కేసులే కొన్నాం. నల్లవే. ఎవరిది వాళ్లమే మోస్తాం.

మేం గొప్ప ఆటగాళ్లం కాము. 1989లో ఆసియా స్నూకర్ టైటిల్ గెలిచిన యాసిన్ మర్చంట్ పేరు చెప్పి మా దేశభక్తి నిరూపించుకోదల్చుకోలేదు. దేశానికి కప్పు తెస్తేనే మమ్మల్ని నమ్ముతారా? తప్పిపోయే షాట్లు కొట్టే మామూలు ముస్లింలుగా ఉండే హక్కు మాకు లేదా? మా అక్కచెల్లెళ్లకు పార్లర్ మెట్లెక్కే హక్కు కూడా ఇంకా రాలేదు. అది మా ఇళ్లల్లో మేం తేల్చాల్సిన లెక్క. అదీ తేలుస్తాం.

ఈసారి ఆపి ఇదేంటని అడిగితే ఆడుకునే కర్ర అని చెప్తాం. మా దోస్తు చెప్తే ఆ ఒక్క మాట సరిపోతది. మేం చెప్పినప్పుడూ అంతే సరిపోవాలె.