గులాబీల కొండకి మా పాత బండి

మస్కట్ నుంచి జబల్ అఖ్దర్ వెళ్ళాలంటే నిజ్వా రోడ్డు పట్టుకోవాలి. నిజ్వా ఇంకా రాకముందే బిర్కత్ అల్ మౌజ్ వస్తుంది. ఖర్జూరాలు, అరటి తోటలు, పాడుబడిన మట్టి ఇళ్ళు, పక్కనే పారే ఫలజ్ కాలువ. ఊరు దాటగానే పోలీసు చెక్‌పోస్టు. ఫోర్ వీల్ డ్రైవ్ కాని బండిని పైకి పోనివ్వరు. పోలీసాయన మా 1997 మోడల్ ల్యాండ్ రోవర్ డిఫెండర్‌ని చూసి నవ్వుతూ చెయ్యూపాడు.

అప్పుడు ఏప్రిల్, పైన గులాబీలు విచ్చే కాలం. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తయ్యగారికి అవి చూపించాలని నా సరదా. "కడియం నర్సరీలు చూసిన మనిషికి ఇవో లెక్కా?" అని మావారు వేళాకోళం చేశారు.

తేడా నిజ్వా రోడ్డు మీదే తెలిసింది. 80 దాటగానే సీటు కింద నుంచి సన్నని వణుకు. అత్తయ్యగారి చేతిలో మజ్జిగ గ్లాసు తొణికింది. టైర్ల బ్యాలెన్స్ పోయుంటుందన్నారు మావారు. కానీ స్టీరింగ్ నిలకడగా ఉంది. ముందు టైర్లదైతే మొదట వణికేది అదే కదా! నాలుగో గేరులో ఒకసారి, ఐదో గేరులో ఒకసారి అదే 80 మీద నడపమన్నాను. రెండుసార్లూ ఒకటే వణుకు. ఇంజన్ వేగం మారినా వణుకు మారలేదంటే తప్పు ఇంజన్లో లేదు, గేర్‌బాక్స్ దాటాక తిరిగే వాటిలో ఉంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే వణుకు తీరు మారుతోంది. నాకు ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద అనుమానం వచ్చింది. మావారు మాత్రం టైర్ల దగ్గరే ఉండిపోయారు.

సైక్ పీఠభూమి దాదాపు 2,000 మీటర్ల ఎత్తు. పైకి చేరేసరికి గాలి చల్లబడింది. అల్ ఐన్ ఊరి పైన వాలులో బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరులో వదలడం మరిచి దిగారు మావారు. ముందు సీట్లో అత్తయ్యగారు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నారు. బండి వెనక్కి కదిలింది. ఇలాంటి బండి హ్యాండ్‌బ్రేక్ వేశాక ఒక్క జానెడు జరిగి ఆగడం మామూలే, పళ్ళచక్రాల మధ్య ఉండే ఖాళీ వల్ల. ఇది ఆగలేదు. మావారు తలుపు పట్టుకుని లోపలికి దూకి కాలి బ్రేకు తొక్కారు. నేనో పెద్ద రాయి తెచ్చి చక్రం వెనక పెట్టాను. అత్తయ్యగారు దిగి, ఏమీ అనకుండా ఆ రాయి మీదే కాసేపు చెయ్యి వేసుకుని కూర్చున్నారు.

మామూలు కార్లలో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలని పట్టుకుంటుంది. ఇందులో అలా కాదు. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ఒక డ్రమ్ము ఉంటుంది, బ్రేకు ఆ డ్రమ్మునే పట్టుకుంటుంది. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించి ఉండేది కూడా దానికే. అంటే వణుకూ, బ్రేకూ రెండూ ఒకే చోటివి. వంగి చూస్తే డ్రమ్ము కింద నల్లగా నూనె. మూడు నెలల క్రితం ఒక వర్క్‌షాపులో హ్యాండ్‌బ్రేక్ షూలు మార్పించాం. డ్రమ్ము తీయాలంటే ముందు షాఫ్ట్ విప్పాలి. వణుకు మొదలైంది ఆ తర్వాతేనని అప్పుడు వెలిగింది!

గులాబీ తోటలు గబగబా చూసి, లో రేంజ్‌లో, ఇంజన్ పట్టు మీదే కొండ దిగాం. నిజ్వాలో ఒక మలయాళీ మెకానిక్ చక్రాలకి రెండు వైపులా ఇటుకలు పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, కిందకి దూరాడు. షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పితే వెనక క్రాస్ దగ్గర లూజు తెలిసింది. చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. లోపల గ్రీజు ఎండిపోయిందన్నమాట. అసలు సంగతి తర్వాత చూపించాడు. షాఫ్ట్ జారే జాయింటు మీద రెండు బాణం గుర్తులుంటాయి. అవి ఎదురెదురుగా ఉండాలి. మా షాఫ్ట్‌లో ఒకటి పైకీ ఒకటి పక్కకీ చూస్తోంది. ఎవరో షాఫ్ట్‌ని రెండు ముక్కలుగా లాగి తప్పుగా కలిపారు. ఒక చివరి క్రాస్ తెచ్చే హెచ్చుతగ్గుల్ని రెండో చివరిది సరిచెయ్యాలి. వరస తప్పితే సరిచెయ్యకపోగా ఇంకా పెంచుతుంది. ఆ వణుకుకి ఆయిల్ సీల్ దెబ్బతింది, నూనె డ్రమ్ములోకి కారింది, కొత్త షూలు నూనెలో నానాయి.

మొదట అన్నీ మావారికే చెప్పాడు. రెండు గేర్లలో నడిపి చూసిన సంగతి నేను చెప్పాక నా వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. సీలు, క్రాస్, షూలు మూడూ మార్చాడు. నూనె పీల్చిన షూలు తుడిచి వాడితే లాభం లేదట. ముందు డ్రమ్ము దగ్గర షూలు సర్ది, ఆ తర్వాతే కేబుల్ ముట్టుకున్నాడు. కేబుల్ ఒక్కటే బిగిస్తే లివర్ గట్టిగా ఉంటుంది గానీ బండి ఆగదట.

మీ ఇంట్లోనూ ఇలాంటి బండి ఉంటే ఇంకొక్క మాట. పాత నిస్సాన్ పట్రోల్ కొన్నిటిలో కూడా ఇదే ఏర్పాటు. టైరు మార్చడానికి వెనక చక్రం ఒకటి పైకి లేపారో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉన్నా బండి జారిపోవచ్చు. గాల్లో ఉన్న చక్రం వెనక్కి తిరుగుతుంటే నేల మీదది ముందుకి దొర్లుతుంది. జాక్ పెట్టే ముందే మిగతా చక్రాలకి అడ్డు పెట్టి, డిఫ్ లాక్ వెయ్యండి. బండి నడుస్తుండగా మాత్రం ఆ లివర్ లాగకండి.

అత్తయ్యగారు జబల్ అఖ్దర్ పన్నీరు రెండు సీసాలు ఊరికి పట్టుకెళ్ళారు. కట్టెల పొయ్యి మీద కాచినది కాబట్టి అందులో పొగ వాసన ఉంటుంది. పూజకి పనికిరాదనుకున్నాను, ఆవిడకి మాత్రం అదే నచ్చింది. అల్ ఐన్ రాయి ఇప్పటికీ నా సీటు వెనకే ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా మనవరాలి తర్వాత ఆవిడ అడిగేది దాని గురించే.