కోర్టుకు పోని వకీలు పద్దు

నెలజీతం తీసుకుంటూ పూర్తికాలం లా పాఠాలు చెప్పేవాళ్లు కోర్టులో వాదించడానికి బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. ప్రాక్టీసులో ఉన్న వకీలు మాత్రం 1979 నాటి నిబంధనల ప్రకారం రోజుకు మూడు గంటలు మించకుండా పాఠం చెప్పుకోవచ్చు. కురవి అనే ఊరి నుంచి వెళ్లి మేధోసంపత్తి, టెక్నాలజీ చట్టాలు బోధిస్తున్న ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మొదటి పెద్ద డబ్బు నిర్ణయం ఇక్కడే ఎదురైంది.

"నల్లకోటు కుట్టిచ్చుకున్నవ్ గదరా, కోర్టుకు పోకుంటే ఎట్ల?" అని తండ్రి నిలదీశాడు. మిర్చి రేటు తప్ప ఏ రేటునూ నమ్మని మనిషి. ఏడో వేతన సంఘం లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700 రూపాయలతో మొదలవుతుందని చెబితే కాస్త మెత్తబడ్డాడు. సీనియర్ల దగ్గర కొత్తగా చేరిన జూనియర్లకు ఎంత ముడుతుందో వాళ్లు బయటికి చెప్పుకోరు.

నిజానికి ఇంట్లో అంతకుముందే ఒక గొడవ అయింది. బీఎస్సీ చదివి లాలో చేరడమేంటని. ఆ బీఎస్సీయే తర్వాత అక్కరకొచ్చింది: పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయాలంటే సైన్సు, ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ తప్పనిసరి, ఒక్క లా పట్టా చాలదు. పరీక్ష గట్టెక్కాక, పరిశోధన ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వచ్చేదాకా అతను పేటెంట్ దరఖాస్తుల ముసాయిదాలు రాసి ఖర్చులు వెళ్లదీసుకున్నాడు.

జేఆర్‌ఎఫ్ మొత్తం 2023 జనవరిలో నెలకు 31 వేల నుంచి 37 వేలకు పెరిగింది. ఎంత పెరిగినా ఐదేళ్లకు ఆగిపోయే డబ్బు. అందుకే దాన్ని నమ్ముకుని ఏ ఈఎంఐ నెత్తిన పెట్టుకోలేదు. రిజిస్టరైన చిట్టి ఒకటి కట్టాడు. పాట పాడకుండా చివరిదాకా ఉంచాడు. 2019 సవరణతో చిట్టి నడిపేవారి కమీషన్ పరిమితి 5 నుంచి 7 శాతానికి చేరిందని అతనికి తెలుసు. చేతిలో ఉంటే ఖర్చయిపోతుందన్న భయానికి ఆ కమీషన్ చవకే అనుకున్నాడు.

అసలు బేరం ఉద్యోగంలో చేరాక, పుస్తకం దగ్గర వచ్చింది. ప్రచురణకర్త ఇచ్చిన ఒప్పందంలో సర్వహక్కులూ వాళ్లవే, బదులుగా ఒకేసారి కొంత మొత్తం. కాపీరైట్ పాఠం చెప్పేవాడు ఒప్పందం చదవకుండా తన కాపీరైట్‌ను రాసిచ్చేయడం మన విశ్వవిద్యాలయాల్లో మామూలే. అతను 1957 చట్టం 19వ సెక్షన్ తెరిచాడు. గడువు రాయని బదిలీ ఐదేళ్లకే చెల్లుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. కానీ ఆ ఒప్పందంలో కాపీరైట్ ఉన్నంతకాలం అని స్పష్టంగా ఉంది, అంటే రచయిత పోయాక మరో అరవై ఏళ్లు. దాన్ని కొట్టేయించి ఐదేళ్లు అని రాయించాడు, ఏకమొత్తం వదులుకుని అమ్మకాల మీద రాయల్టీ అడిగాడు. మొదటి ఏడాది చేతికి తక్కువే వచ్చింది.

వీడియో పాఠాల కోసం ఒక కంపెనీ అడిగినప్పుడు మొదట చూసుకున్నది తన నియామక పత్రం. ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే మొదటి హక్కుదారు. విశ్వవిద్యాలయం నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకున్నాకే ధర మాట్లాడాడు. అప్పుడు కూడా అమ్మలేదు, మూడేళ్లకు లైసెన్సు ఇచ్చాడు.

ఇక పన్ను. రచయితల రాయల్టీకి అప్పటి 1961 ఆదాయపు పన్ను చట్టం 80క్యూక్యూబీ సెక్షన్ కింద మూడు లక్షల దాకా మినహాయింపు ఇచ్చేది. ఆ సెక్షన్ వివరణలో 'పుస్తకం' కిందికి రానివాటి జాబితా ఉండేది: డైరీలు, గైడ్లు, కరపత్రాలు, వాటి మధ్యలో వ్యాఖ్యానాలు. లా అధ్యాపకులు రాసేవి చాలావరకు చట్టాలకు వ్యాఖ్యానాలే! అతని పుస్తకమూ అదే. పైగా ఆ మినహాయింపు పాత పన్ను పద్ధతిలోనే దొరికేది. ఇంటి రుణం లేదు, చదువు అప్పు ఎప్పుడో తీరిపోయింది, పాత పద్ధతిలో చూపించుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. రెండు విధాలా లెక్క వేసి చూసి కొత్త పద్ధతికే మారాడు.